‘మోర్ కౌబెల్’ స్కెచ్: ఏళ్ల తరబడి చూశాక

అమెరికాలో సాటర్డే నైట్ లైవ్ అనే టీవీ కామెడీ షోలో 2000 ఏప్రిల్ 8న ప్రసారమైన ‘మోర్ కౌబెల్’ స్కెచ్‌ని చాలా ఏళ్లుగా మళ్లీ మళ్లీ చూస్తున్నాను. కామెడీ స్కెచ్‌లు మామూలుగా రెండోసారికే చప్పబడిపోతాయి. ఇది అలా కాలేదు. కాకపోతే మొదట్లో నవ్వొచ్చిన చోట్లు వేరు, ఇప్పుడు నవ్వొచ్చే చోట్లు వేరు.

కథ చిన్నది. బ్లూ ఆయిస్టర్ కల్ట్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 1976లో ‘డోంట్ ఫియర్ ది రీపర్’ పాట రికార్డ్ చేస్తోంది. బ్రూస్ డికిన్సన్ అనే పేరుమోసిన ప్రొడ్యూసర్‌గా నటుడు క్రిస్టఫర్ వాకెన్ వచ్చాడు. టేక్ మొదలవగానే జీన్ ఫ్రెంకిల్ అనే సభ్యుడు కౌబెల్‌ని, అంటే ఆవు మెడ గంటలా ఉండి పుల్లతో కొట్టే వాయిద్యాన్ని, టంగుటంగుమని వాయిస్తాడు. మిగతావాళ్లకి చిరాకు. ప్రొడ్యూసర్‌కి మాత్రం అది చాలదు, ఇంకా కావాలి. జీన్‌గా విల్ ఫెరెల్ నటించాడు, డోనెల్ క్యాంబెల్‌తో కలిసి రాసింది కూడా అతనే.

అసలు పాటలో కౌబెల్ ఉంది. గిటార్ వెనక, డ్రమ్స్ పక్కన, చెవి పెట్టి వింటే తప్ప దొరకనంత మెల్లగా మొదటి నుంచీ మోగుతూనే ఉంటుంది. చిన్నప్పుడు ఆ పాట విన్నప్పుడల్లా, ఆ కౌబెల్ వాయించినవాడి బతుకు ఎలా ఉండేదో అని ఫెరెల్ ఆలోచించేవాడట. స్కెచ్ మొత్తం అందులోంచే పుట్టింది. పాట మీద ప్రేమ లేనివాడు ఇది రాయలేడు. నిజంగా ఆ కౌబెల్ వాయించిందెవరో బ్యాండ్ వాళ్లే తలా ఒక మాట చెప్పారు. జీన్ అనే మనిషైతే అసలు లేడు.

మొదట్లో నేను ఫెరెల్ పొట్ట చూసి నవ్వేవాణ్ని. చొక్కా కావాలనే బిగుతుది వేసుకున్నాడు, చెయ్యి ఎత్తినప్పుడల్లా అది పైకి పాకిపోతుంది. ఇప్పుడు నా కళ్లు బ్యాండ్ గాయకుడు ఎరిక్ బ్లూమ్‌గా చేసిన క్రిస్ పార్నెల్ మీదే ఉంటాయి. విసుక్కున్నారని అలిగిన జీన్, పాడుతున్న పార్నెల్ దగ్గరికొచ్చి సరిగ్గా అతని చెవి పక్కనే కౌబెల్ కొడతాడు. పార్నెల్ మొహంలో కోపం, మొహమాటం, ఓర్పు ఒకదాని మీద ఒకటి వచ్చి పోతాయి. పాట మాత్రం ఆపడు. పాత్రలోంచి జారడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక తంటాలు పడుతుంటే అలా నిలబడటం మామూలు విషయం కాదు.

వాకెన్ గురించి అందరూ చెప్పేదే, అయినా చెప్పక తప్పదు. తనకి జ్వరమొచ్చిందనీ, దానికి మందు ఇంకాస్త కౌబెల్ ఒక్కటేననీ అతను చెప్పే తీరులో ఎక్కడా జోకు వేస్తున్న జాడ ఉండదు. డాక్టర్ చీటీ రాసిచ్చినట్టు చెప్తాడు. ఆ సీరియస్‌నెస్సే స్కెచ్‌కి ఊపిరి.

లోపాలూ ఉన్నాయి. డ్రమ్మర్ వేషంలో జిమ్మీ ఫాలన్ నవ్వేస్తాడు. చాలామందికి అదే ఇష్టం, లైవ్ షో కదా అంటారు. నాకు మాత్రం ఇప్పటికీ అక్కడ పట్టు తప్పినట్టే అనిపిస్తుంది. అలాగే వాకెన్ పాత్రకి పెట్టిన బ్రూస్ డికిన్సన్ అన్న పేరు ఈ పాట అసలు ప్రొడ్యూసర్లలో ఎవరిదీ కాదు. ఐరన్ మెయిడెన్ అనే మరో రాక్ బ్యాండ్ గాయకుడికి ఇదే పేరు ఉండటంతో కొత్తగా చూసేవాళ్లు తికమకపడతారు. మరో తేడా, అసలు పాటలో ప్రధాన గొంతు బ్లూమ్‌ది కాదు, పాట రాసిన బ్యాండ్ గిటారిస్ట్ బక్ డార్మాది.

చివర్లో బ్లూమే జీన్‌ని ఆపి, మాతో కలిసి వాయించు అంటాడు. వెక్కిరింపుగా మొదలైన స్కెచ్ జీన్‌ని వెక్కిరించి వదిలేయదు. ఇన్నేళ్లుగా నాకు ఇది విసుగు పుట్టించకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఇంతవరకూ చూడనివాళ్లకి ఒక్క సలహా. ముందు అసలు పాటని హెడ్‌ఫోన్స్‌లో పూర్తిగా వినండి. కౌబెల్ ఎక్కడుందో మీ అంతట మీరే పట్టుకోండి. తర్వాత స్కెచ్ చూడండి.