ఎదురెదురు గదుల్లో సి విటమిన్ సెలైన్, ఓజోన్: శ్రీకాకుళంలోని ఒక ప్రత్యామ్నాయ వైద్య కేంద్రంపై సమీక్ష

కవిటి మండలంలో ఉండే మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు, పదేళ్లుగా మధుమేహం ఉన్నాయి. తెలిసినవారు చెప్పగా ఆమెను ఈ వేసవిలో శ్రీకాకుళం పట్టణంలోని ఒక ప్రత్యామ్నాయ వైద్య కేంద్రానికి నాలుగుసార్లు తీసుకువెళ్లాను. అక్కడ ఎదురెదురుగా రెండు గదులున్నాయి. మొదటి గదిలో సి విటమిన్, గ్లూటాథయోన్ అనే మరో యాంటీఆక్సిడెంట్ (ఆక్సీకరణాన్ని అడ్డుకునే పదార్థం) కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. ఒంట్లోని ఫ్రీ రాడికల్స్‌ను, అంటే కణాలను ఆక్సీకరించి దెబ్బతీయగల చురుకైన అణువులను, అణచే యాంటీఆక్సిడెంట్ చికిత్స అంటారు. రెండో గదిలో రోగి రక్తం కొంత తీసి, ఓజోన్, ఆక్సిజన్ మిశ్రమంతో కలిపి, తిరిగి నరంలోకి పంపుతారు. ఇది ఆక్సీకరణంతో జబ్బును లొంగదీసే చికిత్స అంటారు. సెలైన్‌కు 2,500, ఓజోన్‌కు 1,800 రూపాయల చొప్పున పది విడతల సొమ్ము ముందే కట్టించుకుని, రెండూ ఒకే రోజున చేశారు. ఆక్సీకరణాన్ని ఆపేది, ఆక్సీకరణం జరిపేది ఒకే మనిషికి గంట తేడాలో ఎందుకని అడిగితే, ఒంట్లో సమతుల్యం కోసమని మాత్రమే చెప్పారు.

ఆ జవాబుతో తృప్తిపడలేక చదవడం మొదలుపెట్టాను. నాకు తేలిందేమిటంటే, ఆ గదుల తలుపుల మీద రాసిన పేర్లంత స్పష్టంగా ఈ రెండు చికిత్సలు విడివడి ఉండవు. సి విటమిన్‌ను నోటితో తీసుకుంటే పేగులు ఒక మేరకే పీల్చుకుంటాయి; గ్రాముల కొద్దీ నేరుగా రక్తంలోకి ఎక్కించినప్పుడు మాత్రం అది కణాల చుట్టూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, అంటే అప్పుడు అదే ఆక్సీకారిణిగా పనిచేస్తుంది. ఓజోన్‌ను సమర్థించేవారు చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసిన మాట: స్వల్ప మోతాదు ఓజోన్ కణాలను కాస్త ఒత్తిడికి గురిచేసి, శరీరం సొంతంగా యాంటీఆక్సిడెంట్లు తయారుచేసుకునేలా పురికొల్పుతుందట. పైగా మన తెల్లరక్తకణాలు సూక్ష్మజీవులను చంపడానికి వాడేది కూడా ఆక్సీకారకాలనే. కాబట్టి ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులే అన్న ఆ కేంద్రం కరపత్రంలోని మాట సరికాదు.

కౌంటరు దగ్గర బీటా కెరోటిన్ అనే యాంటీఆక్సిడెంట్ బిళ్లలు కూడా అంటగట్టారు. పొగాకు అలవాటుందా అని ఎవరూ అడగలేదు. మా వైపు పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ, అంటే నిప్పు నోటి లోపలికి ఉండేలా చుట్ట తాగే అలవాటు, ఇప్పటికీ ఉంది. మా పెద్దమ్మ కూడా తాగుతుంది. ఫిన్లాండ్‌లో సిగరెట్లు తాగే 29,133 మంది పురుషులతో జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. ఆ బిళ్లలు అమ్మే ముందు ఒక్క ప్రశ్న అడగడానికి ఎంత సమయం పడుతుంది?

ఓజోన్ నీటిని శుద్ధిచేయడంలో బాగా పనిచేస్తుందన్నది నిజమే. అయితే పీల్చితే ఊపిరితిత్తులను దెబ్బతీసే ఈ వాయువుకు వైద్యంలో ఉపయోగం నిరూపణ కాలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తన నిబంధనల్లోనే రాసింది. మా పెద్దమ్మ మోకాళ్లలో నాలుగు విడతల తరువాత కూడా చెప్పుకోదగ్గ మార్పు లేదు.

నన్ను అన్నిటికంటే కలవరపరిచింది మూడో విడత రోజు. పది గ్రాముల సి విటమిన్ ఎక్కించాక సాయంత్రం ఇంట్లో గ్లూకోమీటరు చక్కెర 420 చూపించింది. ఇన్సులిన్ ఎక్కువ వేయబోయి, అనుమానం వచ్చి, ఆమెను చూసే వైద్యుడికి ఫోన్ చేశాను. సిరలోకి భారీగా ఎక్కించిన సి విటమిన్ కొన్ని గ్లూకోమీటర్లలో లేని చక్కెరను చూపిస్తుందని, ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ వేస్తే ప్రాణాపాయమని ఆయన చెప్పారు. మర్నాడు ఉదయం ల్యాబులో చక్కెర 160 వచ్చింది. మధుమేహం ఉందని కేస్‌షీటులో రాసుకున్న కేంద్రం ఈ సంగతి మాకు ముందే చెప్పి ఉండాల్సింది.

అదే రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు తగ్గితే పెరిగే క్రియాటినిన్ 1.8 అని, అంటే ఉండాల్సినదానికంటే ఎక్కువని తేలింది. శరీరంలో సి విటమిన్ కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. దెబ్బతిన్న కిడ్నీలు దాన్ని బయటకు పంపలేక, ఆ స్ఫటికాలతో మరింత పాడవుతాయి. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ప్రాంతం సంగతి మా శ్రీకాకుళం జిల్లాకు కొత్త కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం పల్లెల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో మనుషులు పోతుంటే, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచారు. అలాంటి చోటి నుంచి వచ్చిన మనిషికి క్రియాటినిన్ చూడకుండా ఈ సెలైన్ పెట్టడాన్ని నేను క్షమించలేను. ఎర్రరక్తకణాలను ఆక్సీకరణం నుంచి కాపాడే జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారిలో భారీ సి విటమిన్ వల్ల ఎర్రరక్తకణాలు చిట్లిపోతాయి, ఓజోన్ కూడా వారికి తగదు. ఆ పరీక్ష ప్రస్తావన కూడా రాలేదు. అక్కడికి వెళ్లదలచినవారు ఈ రెండు పరీక్షలూ ముందే చేయించుకుని, ఆ నివేదికలు మామూలుగా చూసే వైద్యుడికి చూపించాలని కోరుతున్నాను.

గదులు పరిశుభ్రంగా ఉన్నాయి, సూదులు మా కళ్లముందే కొత్తవి విప్పారు, నర్సులు ఓర్పుగా మాట్లాడారు. ఆహార సలహాలో జామ, ఉసిరి తినమన్న మాట మామూలు ఆరోగ్యం ఉన్నవారికి మంచిదే; భారత వైద్య పరిశోధన మండలి పెద్దలకు రోజుకు సూచించే 65 నుంచి 80 మిల్లీగ్రాముల సి విటమిన్ ఒక్క జామపండుతోనే సమకూరుతుంది. నాలుగో విడతతో మేము మానేశాం. మిగిలిన ఆరు విడతల సొమ్మును పేచీ పెట్టకుండా వారం లోపల తిరిగి ఇచ్చారు.