బలెనో ఆర్‌ఎస్‌కి బడ్జెట్ టైర్లు: నెల్లూరు ఎండలో, వానలో 38 వేల కిలోమీటర్లు

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2017 బలెనో ఆర్‌ఎస్. లీటరు టర్బో ఇంజిను, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు, బరువు టన్నులోపే. కాలు ఆనిస్తే చాలు, లాగేస్తుంది. కొన్నప్పుడు దాని కింద ఉన్న టైర్లు మాత్రం ఆ వేగానికి తగినవి కావు. 2022 కార్తీకమాసంలో కావలి నుంచి నెల్లూరు వస్తూ, హైవే మీద నిలిచిన నీళ్లలోకి 80లో వెళ్లాను. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోయింది, చక్రాలతో దానికి సంబంధమే లేనట్టు. రెండు సెకన్లే. కానీ పక్కన మా ఆవిడ, వెనక సీట్లో పాప ఉన్నారు. మర్నాడే టైర్ల షాపుకి వెళ్లాను.

ఆల్ సీజన్ టైర్ల గురించి ఎక్కడ చదివినా సగం మంచు సంగతే ఉంటుంది. చలిదేశాల్లో ఆ మాటకు అర్థం కొద్దిపాటి మంచులోనూ నడిచేదని. మనకు ఆ గొడవ లేదు. మనకున్నవి రోహిణి కార్తెలో మండే రోడ్డు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు. పైగా రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు, కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసే వడ్లు. అందుకే పొడి రోడ్డును పట్టేసే మెత్తటి స్పోర్ట్స్ టైరు వద్దనుకున్నాను. తడిలో ఆగాలి, ఎండకి తొందరగా అరగకూడదు, నాలుగూ కలిపి 30 వేలు దాటకూడదు.

షాపు కుర్రాడు “అన్నా, 205/50 వేయించండి, బండి లుక్కు అదిరిపోద్ది” అన్నాడు. మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్కభాగం ఎత్తు ఎంత శాతమో. లెక్కేసి చూస్తే ఆ సైజులో చక్రం మొత్తం ఎత్తు దాదాపు సెంటీమీటరు తగ్గుతుంది, బండి అర సెంటీమీటరు కిందికి దిగుతుంది. మా వీధి స్పీడ్ బ్రేకర్లకు ఇప్పటికే కింద తగులుతోంది. అందుకే కంపెనీ ఇచ్చిన 195/55 ఆర్16 సైజులోనే అపోలో ఆల్‌నాక్ 4జీ తీసుకున్నాను. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్‌తో కలిపి 27 వేలైంది. షాపువాళ్లు మొదట తెచ్చినవాటిలో రెండింటి మీద 1120 అని ఉంది. అంటే 2020లో 11వ వారం తయారీ, అప్పటికే రెండున్నరేళ్ల సరుకు. మార్చమంటే మార్చారు. టైరు పక్కభాగంలో ఉండే ఆ నాలుగంకెలు చూడకుండా డబ్బు కట్టకండి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను తీరం దాటిన మర్నాడు గూడూరు వెళ్లాల్సి వచ్చింది. ఈసారి నీళ్లు కనపడగానే 60కి తగ్గించాను. ముందు లారీ చిమ్మే నీళ్లకి అద్దం కనపడలేదు గానీ, స్టీరింగ్ బరువు చేతికి తెలుస్తూనే ఉంది. నాకు కావాల్సింది అదే. రాపూరు, చిట్వేలి మధ్య ఘాట్‌లో కూడా మలుపులో పట్టు వదిలే ముందు కీచుమని చెబుతుంది, ఉన్నట్టుండి జారదు. ఈ ధరలో అంత నమ్మకం నేను ఆశించలేదు.

ఒక తప్పు మాత్రం నాదే. 22 వేల కిలోమీటర్ల దాకా టైర్లు ముందువి వెనక్కి మార్పించలేదు. వెనకవాటి అంచులు మెట్లుమెట్లుగా అరిగాయి. చేత్తో ఒకవైపు రాస్తే నునుపు, ఎదురు రాస్తే గరుకు. 70 దాటితే లోపల మోత. మార్పించాక తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు ప్రతి 8 వేలకీ మార్పిస్తున్నాను. గాలి పొద్దున్నే, బండి తిరగకముందే చూస్తాను. మధ్యాహ్నం వేడెక్కిన టైరులో లెక్క ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది.

ఇప్పుడు 38 వేలు తిరిగాయి. ముందువాటి గాడి లోతు 3 మిల్లీమీటర్లు, వెనకవి 4. మార్చాల్సిన గుర్తు 1.6 దగ్గర ఉంది గానీ, మన వానలకి అందాకా ఆగలేను. వచ్చే అక్టోబరు లోపు ఇదే రకం రెండు కొని, కొత్తవి వెనక వేయించి, వెనకవి ముందుకి తెస్తాను. తడిలో వెనక భాగం జారితే బండిని సర్దుకోవడం చాలా కష్టం.