పెద్దవాళ్ల ఇంటికి మార్పులు చేసి ఇస్తామనే సలహాదారులకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు అమ్మానాన్నలను సొంత ఇళ్లలో ఉంచి, తాము వేరే ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న వారి కోసం ఇది రాస్తున్నాను. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్నా ఇబ్బంది లేకుండా ఇంటిని సర్ది ఇస్తామని ఫోనులో ప్రకటన చూసి, ఒక సలహాదారును నమ్మి 85,000 రూపాయలు పోగొట్టుకున్నాం. డబ్బు సంగతి అటుంచండి, అమ్మ కుడి మణికట్టు ఇంకా సరిగా తిరగడం లేదు.

అమ్మకు 74 ఏళ్లు. నాన్న పోయాక ఒంగోలు ఇంట్లో ఒక్కతే ఉంటోంది. హైదరాబాదు రమ్మంటే రాదు. పెరట్లో కరివేపాకు చెట్టును, సాయంత్రం కబుర్లకు వచ్చే పక్కింటి పిన్నిగారిని వదిలి రాలేనంటుంది. ఆమె కోరిక న్యాయమైనదే. మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి కాబట్టి ఇంటినే ఆమెకు తగ్గట్టు మార్చాలనుకున్నాను.

దసరాకు ముందు సలహాదారు వచ్చాడు. గోడలు కొలిచాడు, ఫోటోలు తీసుకున్నాడు, ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయాడు. మంచం మీద నుంచి ఎలా లేస్తారమ్మా, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తుంది, ఎక్కడ తూలినట్టవుతుంది అని ఒక్క మాట అడగలేదు. నాలుగడుగులు నడిపించి చూడలేదు. ఆ సాయంత్రానికే సామాన్ల జాబితా, ధరలు వచ్చాయి. సలహా రుసుము 3,000, సామాను, పని కలిపి 82,000. ఆ సామాను అమ్మేదీ అతనే. అనుమానం అక్కడే రావలసింది, నాకు రాలేదు.

ముందు ర్యాంపు సంగతి. మా ఇంటి గడప నేలకు అడుగున్నర ఎత్తులో ఉంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటే గాని ర్యాంపు వాలు సురక్షితం కాదు. అంటే మాకు 18 అడుగులు కావాలి. అంత చోటు వాకిట్లో లేదు. అతను 6 అడుగుల్లోనే కట్టేశాడు. దాని మీద నిగనిగలాడే నల్ల గ్రానైట్ పరిచాడు. చీమకుర్తి పక్కనే ఉంది కాబట్టి మన జిల్లాలో ఇంటింటా పాలిష్ గ్రానైటే, అందులో వింత లేదు. కానీ తడిస్తే అది అద్దమే. ర్యాంపుకు గరుకుగా కాల్చిన ఫ్లేమ్ ఫినిష్ రాయి వేయాలని నాకు తర్వాత తాపీ మేస్త్రీ చెప్పాడు. పైగా ర్యాంపు కోసం ఉన్న మెట్లలో సగం కొట్టేశారు, పక్కన ఉన్న ఇనుప కడ్డీ తీసేశారు. అమ్మ అసలు వీల్‌చైర్ వాడదు. ఆమెకు కావలసింది మెట్లకు రెండు వైపులా పట్టుకోవడానికి కడ్డీ. ఉన్న ఒక్కటీ పోయింది.

కార్తీకంలో తెల్లవారుజామున అమ్మ తలస్నానానికి వెళ్లినప్పుడు బాత్రూములో అతను బిగించిన కడ్డీ ఊడి చేతికొచ్చింది. అది రబ్బరు కప్పులతో టైలుకు అతికించే రకం. మనిషి బరువు మోయడానికి పనికిరాదు. తలుపు చట్రం అందింది కాబట్టి తల పగల్లేదు గాని, కుడి మణికట్టు దెబ్బతింది. ఆపదలో నొక్కమని ఇచ్చిన బటన్ నొక్కింది, మోగలేదు. అది వైఫై ఉంటేనే పనిచేస్తుందట, మా ఇంట్లో వైఫై లేదు. పక్కింటి పిన్నిగారు కేక విని పరుగెత్తుకొచ్చారు.

ఎముకల డాక్టరు గారు ఒక ఫిజియోథెరపిస్టును ఇంటికి పంపారు. ఆమె చేసిన మొదటి పని, అమ్మను మంచం నుంచి బాత్రూము దాకా మూడుసార్లు నడిపించి చూడటం. కమోడ్ మీద కూర్చుని లేవమంది. లేచేటప్పుడు చెయ్యి సహజంగా ఎక్కడికి వెళ్తుందో అక్కడ గోడ మీద సుద్దముక్కతో గీత గీసింది. సరిగ్గా ఆ గీత దగ్గర, ఇటుక గోడలోకి డ్రిల్లు వేసి బోల్టులతో స్టీలు కడ్డీ బిగించాం. మంచం జరిపాం, పడుకునే చోటికి అందేలా స్విచ్ పెట్టించాం, దారిలోని కాలిపట్టా తీసేశాం, బాత్రూము గడియను బయటి నుంచి కూడా తీయగలిగేలా మార్చాం. మెట్లు మళ్లీ కట్టించడం తప్ప మిగతా ఖర్చు అతనికిచ్చిన దానిలో ఐదో వంతు కూడా కాలేదు.

సలహా ఇచ్చేవారికీ సామాను అమ్మేవారికీ సంబంధం లేకుండా చూసుకోండి. ఆక్యుపేషనల్ థెరపిస్టులకు (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే నిపుణులు) ఈ పనిలో శిక్షణ ఉంటుంది, దొరికితే వారినే పిలవండి. లేదంటే మీ వాళ్లకు వైద్యం చేసే ఫిజియోథెరపిస్టును అడగండి. ఎవరొచ్చినా పెద్దవాళ్లను నడిపించి చూడకుండా ధర చెబితే పంపించేయండి. బిల్లు మాత్రం తప్పక తీసుకోండి. నాకు తెల్లకాగితం మీద సంతకం ఇచ్చాడు, దానితో ఇప్పుడు అవస్థ పడుతున్నాను. చెల్లింపులు ఫోను ద్వారా చేశాను కాబట్టి ఆ మాత్రం ఆధారం మిగిలింది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. డబ్బు తిరిగి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. ఒకే రకంగా నష్టపోయిన వారు కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయవచ్చు. మీ ఇంట్లోనూ ఇలా రబ్బరు కప్పుల కడ్డీలు బిగించి, 6 అడుగుల ర్యాంపు కట్టి వెళ్లి ఉంటే, ముందు ఆ కడ్డీలు ఈ రోజే పీకేయించండి. తర్వాత నాకు రాయండి.