ఆన్‌లైన్ ఇంగ్లీషు తరగతుల ‘రెడీమేడ్ ఫ్రాంచైజీ’ కొనబోతున్నవారికి హెచ్చరిక

పెద్దవాళ్లకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు నేర్పే తరగతులు సొంతంగా పెట్టుకోవాలనుకునే టీచర్లకు, లెక్చరర్లకు కొన్ని సంస్థలు ‘రెడీమేడ్ ఫ్రాంచైజీ’ పేరుతో ఒక ప్యాకేజీ అమ్ముతున్నాయి. ఒక వెబ్‌సైటు, తొంభై పాఠాలు, లైవ్ తరగతుల యాప్, సర్టిఫికెట్లు, వీటన్నిటికీ మించి ‘మొదటి మూడు నెలలూ విద్యార్థులను మేమే పంపిస్తాం’ అన్న హామీ అందులో ఉంటాయి. కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పే నేను అలాంటి ప్యాకేజీని రూ.48,000కు, దానిపై 18 శాతం జీఎస్టీ అంటూ వసూలు చేసిన రూ.8,640తో కలిపి మొత్తం రూ.56,640కు కొన్నాను. ప్రొద్దుటూరులోను, రాజంపేటలోను ఇదే ప్యాకేజీ కొన్న మరో ఇద్దరితో మాట్లాడి, మా ముగ్గురి అనుభవమూ ఒకటేనని తేలిన తర్వాతనే ఇది రాస్తున్నాను. వివాదం ఇంకా నడుస్తున్నందున సంస్థ పేరు రాయడం లేదు. పైగా ఇలాంటివారు పేర్లు మార్చుకుంటూ ఉంటారు కనుక, అమ్మే పద్ధతిని గుర్తుపట్టడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

మన ప్రాంతంలో గిరాకీ లేదని కాదు. రాజంపేట, రాయచోటి వైపుల నుంచి కువైట్ వెళ్లేవారు, విదేశాల్లో ఉద్యోగానికి ఓఈటీ (వైద్యరంగంవారి ఇంగ్లీషు పరీక్ష) రాయాలనుకునే నర్సులు, బయటి రాష్ట్రాల వ్యాపారులతో ఫోనులో మాట్లాడవలసి వచ్చే ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల గుమాస్తాలు, పిల్లల స్కూలు మీటింగులో నోరు విప్పాలనుకునే తల్లులు, ఇలా సాయంత్రం ఒక గంట తీరిక చేసుకుని నేర్చుకుందామనుకునేవారు చాలామందే ఉన్నారు. ప్యాకేజీ అమ్మడానికి ఫోను చేసిన వ్యక్తికి ఈ వివరాలన్నీ తెలుసు. అందుకే అతని మాటలు నమ్మదగినవిగా వినిపిస్తాయి.

అసలు మోసం విద్యార్థుల హామీలో ఉంది. ఒప్పందం తీసి చదివితే అందులో ‘విద్యార్థులు’ అన్న మాట ఎక్కడా లేదు, ‘లీడ్స్’ అని మాత్రమే ఉంది. లీడ్స్ అంటే ఇంగ్లీషు నేర్చుకుంటామని అడిగినవారి వివరాలని ఫోనులో చెప్పారు. వచ్చినది మాత్రం పేర్లు, ఫోను నంబర్లు ఉన్న ఎక్సెల్ షీటు. అందులో ఉన్నవారిలో ఎక్కువమంది ఎప్పుడో ఏదో ఉద్యోగ ప్రకటన చూసి నంబరు ఇచ్చినవారు, లేదా ఏ సంబంధమూ లేనివారు. మైదుకూరు నుంచి ఒకాయన, “ఈ వారంలో ఇంగ్లీషు క్లాసులని నాకు ఫోను చేసిన నాలుగో మనిషివి నువ్వు, మీరంతా ఒకటేనా?” అని కోప్పడ్డారు. ప్రొద్దుటూరు కొనుగోలుదారుకు అందిన షీటుతో నా షీటు పోల్చి చూస్తే వరుసలు కూడా మారకుండా అవే నంబర్లు కనిపించాయి. అంటే ఒకే జాబితాను ఊరూరా అమ్ముతున్నారు. విద్యార్థులు చేరలేదని ఫిర్యాదు చేస్తే, లీడ్స్ ఇవ్వడం వరకే తమ బాధ్యత అని, వారిని చేర్చుకోవడం మీ నైపుణ్యమని జవాబు వచ్చింది.

ఆ జాబితా పట్టుకుని సొంత సిమ్ నుంచి వరుసగా ఫోన్లు చేయడంలో ఉన్న మరో ప్రమాదం గురించి వారు ఒక్క మాట కూడా చెప్పరు. అడగని ప్రచార కాల్స్‌పై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధనలు తెచ్చింది. ప్రచార కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లు వేరుగా ఉన్నాయి, మామూలు పది అంకెల నంబరును అందుకు వాడకూడదు. విసిగిపోయినవారు 1909కు ఫిర్యాదు చేస్తే చర్య పడేది జాబితా అమ్మిన సంస్థ మీద కాదు, ఫోను చేసినవారి నంబరు మీద. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు ముడిపడిన నంబరు నిలిచిపోతే కలిగే ఇబ్బందిని వేరే చెప్పనక్కరలేదు.

పాఠాల సంగతి. మంచు తుఫానులో కారు నడపడం, థాంక్స్‌గివింగ్ విందుకు అతిథులను పిలవడం, కాఫీ దుకాణంలో కారు దిగకుండానే ఆర్డరు చెప్పడం, తొంభై పాఠాల్లో చాలావాటి తీరు ఇది. కువైట్‌లో సేఠ్‌ను సెలవు అడగడం ఎలాగో, జీతం ఆలస్యమైతే మర్యాద తప్పకుండా ఎలా చెప్పాలో తెలుసుకోవాలనుకునే మనిషికి ఇవి ఏ మాత్రమూ పనికిరావు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే కడప విద్యార్థికి ఏ శబ్దం దగ్గర నాలుక తిరగదో ఆ పాఠాలు రాసినవారికి తెలిసే అవకాశమే లేదు. ఇంకొక విషయం, కొన్ని వర్క్‌షీట్లు నేను తరగతిలో ఇదివరకే వాడినవి, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగినవి. పైనున్న లోగో మార్చి, వాటినే ‘మా పరిశోధన విభాగం తయారుచేసినవి’ అని అమ్మారు. ఉచితంగా చదువుకోవడానికి పెట్టినంత మాత్రాన దాన్ని అమ్ముకునే హక్కు రాదు. రేపు కాపీరైటు ప్రశ్న వస్తే, వాటిని మన పేరుతో విద్యార్థులకు అమ్మింది మనమే అవుతాము.

బాధ్యత మన మీదికి నెట్టే మరొక అంశం వారు తయారుచేసి ఇచ్చిన కరపత్రం. ‘60 రోజుల్లో బీ2 స్థాయి, సీఈఎఫ్ఆర్ ఆమోదిత సర్టిఫికెట్’ అని దాని మీద ఉంది. సీఈఎఫ్ఆర్ అనేది కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషాస్థాయుల కొలమానం, ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లు. తరగతులకు గాని, సర్టిఫికెట్లకు గాని ఆ సంస్థ ఆమోదముద్ర వేయదు. ఇక 60 రోజుల లెక్క చూద్దాం. మొదటినుంచి ఏ2 చేరడానికి సుమారు 180 నుంచి 200 గంటలు, బీ2కు 500 నుంచి 600 గంటలు టీచరు పర్యవేక్షణలో చదవాలని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా వేస్తుంది. రోజుకు గంట చొప్పున 60 రోజులంటే 60 గంటలు. ఈ కరపత్రం మన ఫొటోతో, మన ఫోను నంబరుతో పంచితే దానికి జవాబుదారీ మనమే. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. నేను ఆ కరపత్రం పంచలేదు.

లైవ్ తరగతుల యాప్ గురించి ఎక్కువ రాయనవసరం లేదు. బొత్తాం నొక్కితే ఉచిత జూమ్ ఖాతా తెరుచుకుంటుంది, 40 నిమిషాలకు తరగతి ఆగిపోతుంది.

డబ్బు దారి, పేర్ల దారి మాత్రం జాగ్రత్తగా చూడవలసినవి. విద్యార్థి కట్టే ఫీజు మన ఖాతాకు రాదు, ముందు సంస్థ ఆన్‌లైన్ చెల్లింపుల గేట్‌వేకు వెళ్లి, 30 శాతం మినహాయించుకున్న తర్వాత ‘సెటిల్‌మెంట్ చక్రం’ ప్రకారం మనకు వస్తుంది. ఆ చక్రం ఎన్ని రోజులో ఒప్పందంలో లేదు. వెబ్‌సైటు డొమైన్ (ఇంటర్నెట్ చిరునామా) కూడా సంస్థ పేరు మీదనే నమోదవుతుంది. ఊళ్లో నాలుగు చోట్ల చెప్పి, బోర్డు రాయించి, ఆ పేరుకు గుర్తింపు తెచ్చిన తర్వాత విడిపోదామంటే డొమైన్, విద్యార్థుల జాబితా రెండూ వారివే. డొమైన్ సొంతంగా నమోదు చేసుకుంటే ఏడాదికి అయ్యేది కొన్ని వందల రూపాయలే.

చెల్లింపు దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. యూపీఐలో పిన్ కొట్టేముందు కనిపించిన పేరు కంపెనీది కాదు, ఒక వ్యక్తిది. అడిగితే ‘డైరెక్టర్‌గారి ఖాతా, ఆడిట్ కారణం’ అన్నారు. బిల్లు మీదున్న జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే రిజిస్ట్రేషన్ రద్దయినట్టు చూపింది. రిజిస్ట్రేషన్ లేనివారు పన్ను వసూలు చేయకూడదని కేంద్ర జీఎస్టీ చట్టం 32వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. ఆ నంబరు చదవడం కష్టం కాదు: మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29. ఆ తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. మొత్తం నంబరులో ఆరో అక్షరం సీ అయితే కంపెనీ, పీ అయితే వ్యక్తి. ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని లెటర్‌హెడ్ కొట్టించుకున్న వీరి నంబరులో ఆ చోట ఉన్నది పీ.

రాజంపేట కొనుగోలుదారు పరిస్థితి నాకన్నా కష్టం. ఆమెకు ‘వడ్డీ లేని వాయిదాలు’ అని చెప్పి, ఫోనులో ఓటీపీలు అడిగి, ఒక రుణ సంస్థ నుంచి ఆమె పేరు మీద వ్యక్తిగత రుణం తీయించారు. డబ్బు నేరుగా అమ్మినవారికి చేరింది, వాయిదా మాత్రం ప్రతి నెలా ఆమె ఖాతాలో కోతపడుతోంది. తరగతులు నడవలేదని వాయిదా ఆపితే చెక్కు తిరిగివచ్చినట్టే జరిమానా పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, ఎందుకంటే కాగితం మీద రుణ సంస్థకు, ప్యాకేజీకి సంబంధం లేదు. డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు 2025 ఆదేశాల ప్రకారం రుణం ఇచ్చేముందు అన్ని ఖర్చులతో ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి, ఒక రోజుకు తగ్గకుండా పునరాలోచన గడువు ఉండాలి. ఆ గడువులో అసలు, అప్పటివరకు అయిన వడ్డీ కట్టి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ఇలాంటి వాయిదా పథకానికి ఒప్పుకున్నవారు ఆ రోజే ఆ పత్రం తెరిచి చూడాలి. రుణ సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోతే, అది రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) పరిధిలోనిదైతే, రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి నంబరు 14448.

డబ్బు వాపసు అడిగితే చూపించే షరతు ఇది: ‘లాగిన్ ఐడీ జారీ అయిన తర్వాత వాపసు లేదు.’ ఐడీ డబ్బు కట్టిన కొద్ది నిమిషాల్లోనే ఈమెయిల్‌కు వస్తుంది, కనుక వాపసుకు వీలున్న సమయమంటూ నిజానికి లేదు. వివాదాలు తమ ఊరి కోర్టులోనే తేల్చుకోవాలన్న షరతు కూడా ఉంది. అది చూసి వెనక్కి తగ్గనక్కరలేదు. 2019 చట్టం ప్రకారం వినియోగదారు తాను నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు. అయితే ఒక చిక్కు ఉందని ముందే తెలుసుకోవాలి. ‘మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారు కారు’ అని సంస్థ వాదిస్తుంది, నా నోటీసుకు ఇచ్చిన జవాబు కూడా అదే. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవారికి చట్టంలో మినహాయింపు ఉంది గాని, 2019 చట్టం ఆ వివరణలో పేర్కొన్నది వస్తువులను. మనం కొన్నది ఎక్కువ భాగం సేవ. అందువల్ల ఫిర్యాదు రాసేముందు న్యాయవాదికి ఒప్పందం చూపించి, మోసానికి సంబంధించిన పోలీసు ఫిర్యాదు కూడా వేయాలా అన్నది అడగడం మంచిది.

ఇప్పటికే డబ్బు కట్టినవారు వాట్సాప్ సంభాషణలు, కాల్ రికార్డింగులు, లీడ్స్ షీట్లు, యూపీఐ రసీదులు, ఒప్పందం ప్రతి చెరిపేయకుండా మరో చోట దాచుకోండి. లాగిన్ ఆపేసే అవకాశం ఉంది కనుక పాఠాల స్క్రీన్‌షాట్లు ఈరోజే తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకుంటే తర్వాతి నోటీసుల్లో పనికివస్తుంది. కట్టిన వెంటనే ఎదుటివారు ఫోను ఎత్తడం మానేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పండి. ఇంకా కట్టనివారు మాత్రం, పోయిన మూడు నెలల్లో ఈ ప్యాకేజీతో విద్యార్థులు చేరిన ఇద్దరు కొనుగోలుదారుల నంబర్లు ఇవ్వమని సంస్థను అడగండి. నేను అడిగినప్పుడు ‘గోప్యత’ అన్నారు. అదే సంస్థ వేలకొద్దీ మంది నంబర్లను మా అందరికీ అమ్మింది.