24 గంటల క్యానా, పొద్దుటి చిన్న డబ్బానా? మూత్రంలో ప్రొటీన్‌కి ఏది మేలు?

చాలామందికి క్యాన్ మీదే గురి. రోజంతటి మూత్రం పట్టి కొలిస్తే ఇక తప్పెలా వస్తుందని వాళ్ల ధీమా. ఆరోగ్యవంతుల మూత్రంలోనూ రోజుకు 150 మిల్లీగ్రాముల లోపు ప్రొటీన్ పోతుంది. ఆ హద్దు దాటిందో లేదో నేరుగా చెప్పేది ఈ పరీక్షే. కానీ మొదటిరోజు లేవగానే పోసింది పారబోయాలి, మర్నాడు అదే టైముకి పోసింది కలపాలి. ఇక్కడే చాలామంది తికమకపడతారు. మధ్యలో ఆఫీసులో ఒక్కసారి పట్టకపోయినా లెక్క తప్పినట్టే.

పోనీ, ఒక్క చుక్క పోకుండా పట్టారనుకుందాం. 2010 జూన్ నుంచి 2011 నవంబర్ దాకా మాస్కోలో ఆరుగురు మగవాళ్లను 520 రోజులు మూసిన గదుల్లో ఉంచారు. అంగారక యాత్రకు రిహార్సల్ అది, పేరు మార్స్-500. అక్కడా, అంతకు ముందు జరిపిన 105 రోజుల ప్రయోగంలోనూ ఉప్పు కొలిచి పెట్టారు, మూత్రమంతా పట్టారు. అయినా ఒక్కరోజు మూత్రం చూసి 3 గ్రాముల ఉప్పు తేడాను పట్టబోతే దాదాపు సగంసార్లు తప్పింది. ఉప్పు వేరు, ప్రొటీన్ వేరు, నిజమే. అయితే ఆ ఆరుగురి మూత్రంలో దొరికిన ప్రొటీన్ల జాబితా కూడా మనిషికీ మనిషికీ, రోజుకీ రోజుకీ మారింది. ఎప్పుడూ కనిపించినవి కొన్నే. అంత కట్టుదిట్టంలోనే ఇలా ఉంటే, పెళ్లి భోజనాలూ నైట్ డ్యూటీలూ ఉన్న మన సంగతి చెప్పాలా?

అందుకే నా ఓటు చిన్న డబ్బాకి. అందులో చూసేది ఏసీఆర్, అంటే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కీ, క్రియాటినిన్ అనే వ్యర్థానికీ ఉన్న నిష్పత్తి. నీళ్లు ఎక్కువ తాగినా తక్కువ తాగినా రెండూ కలిసే పలచనవుతాయి, చిక్కనవుతాయి కాబట్టి నిష్పత్తి పెద్దగా చెదరదు. గ్రాము క్రియాటినిన్‌కి ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాముల లోపుంటే మామూలే. కాకపోతే మధ్యాహ్నం ఎప్పుడో ఇస్తే అంత నమ్మకంగా ఉండదు. కొందరు టీనేజీ పిల్లలకి నిలబడి తిరిగితే ప్రొటీన్ పోతుంది, పడుకుంటే ఆగిపోతుంది. అది జబ్బు కాదు. నిద్ర లేవగానే వచ్చే మొదటి మూత్రమైతే ఈ గొడవ ఉండదు.

దీనికీ లోపముంది. క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. అందుకే బక్కచిక్కిన ముసలావిడకి నిష్పత్తి ఎక్కువగా, కండలు పెంచిన కుర్రాడికి తక్కువగా కనిపించొచ్చు. అలాంటివాళ్లకి డాక్టరు క్యాన్ అడిగితే విసుక్కోకండి.

ఒక్క రిపోర్టులో ఎక్కువొచ్చిందని మాత్రం టెన్షన్ పడొద్దు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయిస్తే కనీసం రెండుసార్లు ఎక్కువ రావాలి, అప్పుడే అది నిజంగా ఎక్కువున్నట్టు లెక్క. జ్వరమో నెలసరో ఉన్నా, ముందురోజు జిమ్‌లో బాగా కష్టపడినా పరీక్ష వాయిదా వేసుకోండి.