మూడేళ్ల స్టాండ్ మిక్సర్, మెడలో ఒక స్క్రూ

పిండి పిసికే ఈ స్టాండ్ మిక్సర్ కొన్న మొదటి ఎనిమిది నెలలూ దీన్ని తిట్టుకోని వారం లేదు. ఆ తర్వాత రెండేళ్లూ కనబడిన ప్రతివాళ్లకీ కొనమని చెప్పాను. ఈ రెండిటికీ మధ్య జరిగిందల్లా ఒక స్క్రూని పావు చుట్టు తిప్పడం. వాట్లు, లీటర్లు, ఎన్ని స్పీడ్లు అనేవి డబ్బా మీదే ఉంటాయి, అవి నేను రాయను. ఆ స్క్రూ సంగతి డబ్బా మీద లేదు, లోపల పెట్టిన పుస్తకంలో లేదు, అమ్మినాయనకీ తెలియదు. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మాది రాజమండ్రి. ఇంట్లో ఆరుగురం. నాకు బ్రెడ్డు పిచ్చి. వారానికో కొత్త రకం చెయ్యకపోతే తోచదు. కొత్తది ఏదైనా పావుకిలో మైదాతోనే మొదలుపెడతాను. చెడిపోతే అరకిలో బ్రెడ్డు ఎవరు తింటారు? పిల్లలు ఒక ముక్క కొరికి పళ్లెం పక్కకి జరుపుతారు. మా ఆయన ‘బాగుంది’ అని రెండో ముక్క తీసుకోరు. మిగిలిందంతా టీలో ముంచుకుని తినేది మావయ్యగారే. ఆ ఎనిమిది నెలల్లో ఆయన తిన్న గట్టి బ్రెడ్డు అంతా ఇంతా కాదు.

సమస్య ఏంటంటే, ఇది గిన్నె మీద ఉండే మోటార్ తల మెడ దగ్గర మడత పడి పైకి లేచే రకం మిక్సర్. గిన్నెలో పావుకిలో మైదా, నీళ్లు, ఈస్ట్ వేసి తిప్పితే పిండంతా తల నుంచి వేలాడే హుక్‌కి, అంటే పిసికే కొంకీకి, ముద్దలా చుట్టుకుని దాంతోపాటు గిరగిరా తిరుగుతుంది. గిన్నెకి తగలదు, సాగదు, మడత పడదు. అడుగున పొడి పిండి పొడిగానే ఉంటుంది. దాన్ని పిసకడం అనరు, ఊరేగింపు అంటారు. రెండు నిమిషాలకోసారి ఆపడం, తల పైకెత్తడం, ముద్దని కిందికి తొయ్యడం, మళ్లీ మొదలుపెట్టడం. చివరికి గట్టు మీద వేసి చేత్తోనే పిసికేదాన్ని. ఆ మాత్రానికి ఇన్ని వేలు ఎందుకు పోశామని మా ఆయన అడగలేదు. అడిగి ఉంటే తేలిపోయేది. ఆయన అడగకుండా మిక్సర్ వైపు ఒకసారి చూసేవారు.

అన్నిటికంటే పరువు తీసింది జపాన్ వాళ్ల మిల్క్ బ్రెడ్. అందులో ఒక చిన్న కిటుకు ఉంది. 20 గ్రాముల మైదాని 100 గ్రాముల పాలల్లో కలిపి, సన్న సెగ మీద 65 డిగ్రీల దాకా కాస్తే చిక్కటి గంజిలా అవుతుంది. ఉడికిన పిండి నీళ్లని వదలకుండా పట్టుకుంటుంది కాబట్టి బ్రెడ్డు రెండు మూడు రోజులైనా దూదిలా ఉంటుంది. నేను గరిటె తిప్పుతుంటే అత్తయ్యగారు వచ్చి తొంగి చూశారు.

“పోస్టర్లు అంటించే జిగురు కదమ్మాయ్ ఇది! దీన్ని బ్రెడ్డులో వేస్తావా?”

వేశాను. హుక్ అడుగుదాకా దిగదు కదా, ఆ గంజి సగం గిన్నె అడుగునే అంటుకుపోయి ఉండలు కట్టింది. నేను చూసుకోలేదు. బ్రెడ్డు పొంగింది, పైన రంగు కూడా బాగానే వచ్చింది. మా చిన్నోడు ముక్క విరిచి, లోపల గోళీకాయంత తెల్లటి ఉండ బయటికి తీసి, “అమ్మా, జిగురు ఉడకలేదు” అన్నాడు. అత్తయ్యగారు నవ్వు ఆపుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయారు.

ఫోన్ చేస్తే సర్వీస్ అతను వచ్చాడు. నా ముందే తిప్పి చూసి, “మోటార్ కండిషన్‌లో ఉంది మేడమ్, మీరు కనీసం అరకిలో వెయ్యాలి” అని సంతకం పెట్టించుకుని పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. తప్పు నాదే అన్నమాట, తక్కువ తింటున్నాం.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం పొద్దున్న అదే మిల్క్ బ్రెడ్ మూడోసారి మొదలుపెట్టాను. మావయ్యగారు బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నారు. ఆయన మండపేట వైపు ఒక ఊళ్లో చాలా ఏళ్లు పిండి మర నడిపారు. మిక్సర్ తిరుగుతుంటే పేపరు దించి కాసేపు విన్నారు.

“అమ్మాయ్, ఇది ఉత్త చప్పుడు. పిండి మీద పని జరుగుతున్న చప్పుడు కాదు. ఆపు.”

ఆపాను. పిండి తీసి పక్కన పెట్టమన్నారు. గిన్నె తుడిపించి, ఒక చెంచాడు పొడి మైదా అడుగున చల్లించి, హుక్ తీసేసి కేకు పిండి కలిపే చదును బ్లేడు పెట్టించి, అన్నిటికంటే తక్కువ స్పీడులో తిప్పమన్నారు. నాలుగు చుట్లు తిరిగాక చూస్తే మైదా చల్లింది చల్లినట్టే ఉంది. బ్లేడు దాని మీదుగా గాల్లో వెళ్లిపోయింది. ఆయన పేపరు అంచు చింపి నాలుగు మడతలు పెట్టి బ్లేడుకీ గిన్నెకీ మధ్య దూర్చారు. ఎక్కడా పట్టకుండా వదులుగా ఆడింది.

“రాయికీ రాయికీ ఎడం ఎక్కువైతే పిండి పడదు, రవ్వ పడుతుంది. రాళ్లు ఆనుకుంటే పిండి మాడి వాసనొస్తుంది. మరకి చక్రం ఉంటుంది, తిప్పి సరిచేసుకుంటాం. దీనికీ ఎక్కడో ఉండాలి, లేకపోతే చేసినవాడికి బుద్ధి లేదు.”

తల పైకెత్తి ఫోన్ లైటు వెయ్యమన్నారు. మెడ దగ్గర, తల మడత పడే చోట, ఎనిమిది నెలల మైదా గట్టిపడి ఉంది. గోటితో గీకితే లోపల ఒక స్క్రూ తల బయటపడింది.

“ఇదేంటి?”

“స్క్రూ, మావయ్యగారూ.”

“స్క్రూ అని నాకూ తెలుసు. ఎందుకుందంటున్నాను.”

అత్తయ్యగారి కుట్టుమిషన్ సొరుగులోంచి స్క్రూడ్రైవర్ వచ్చింది. ఆయన కుడివైపుకి ఒక చుట్టు తిప్పారు. తల దించి ఆన్ చేస్తే కర్రుమని చప్పుడు, ఇంట్లో అందరికీ పళ్లు పులిశాయి. గిన్నె అడుగున బూడిదరంగు గీత ఒకటి పడింది. అది ఇప్పటికీ ఉంది. ఆయన కంగారు పడలేదు. “ఆనింది, అంతే. వెనక్కి తీద్దాం” అని ముప్పావు చుట్టు వెనక్కి తిప్పారు. అంటే మొత్తం మీద కుడివైపుకి పావు చుట్టు. మళ్లీ మైదా చల్లి తిప్పితే గిన్నె అడుగున చీపురుతో ఊడ్చినట్టు చక్కటి వలయం పడింది.

ఆ రోజు పావుకిలో పిండి పన్నెండు నిమిషాల్లో హుక్‌ని వదిలి గిన్నె అడుగున కొట్టుకుంటూ టపటపమని చప్పుడు చేసింది. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీస్తే చిరగకుండా పల్చటి పొర వచ్చింది, కిటికీకి ఎదురుగా పెడితే అవతల వేళ్లు కనబడ్డాయి. పిండి బాగా పిసికినట్టు గుర్తు అదే. ఆ పొర కోసం ఎనిమిది నెలలు గట్టు మీద పిండి కొట్టాను. బ్రెడ్డు సాయంత్రానికే అయిపోయింది. మావయ్యగారికి టీలో ముంచుకోవడానికి ముక్క మిగల్లేదు, దానికి ఆయన పెద్దగా బాధపడలేదు.

తర్వాత తెలిసింది, దీన్ని పరీక్షించడానికి ఇంకా తేలికైన పద్ధతి ఉందని. చదును బ్లేడు పెట్టి, గిన్నెలో ఒక చిన్న నాణెం వేసి, తక్కువ స్పీడులో తిప్పాలి. బ్లేడు వచ్చినప్పుడల్లా నాణెం కొద్దిగా జరగాలి. అసలు కదలకపోతే తల ఎత్తుగా ఉన్నట్టు, ఆగకుండా బ్లేడుతోపాటు తిరుగుతుంటే మరీ కిందికి దిగినట్టు. మా దాంట్లో రూపాయి బిళ్ల వాడుతున్నాం. మీ ఇంట్లో తల పైకి లేచే రకం ఏది ఉన్నా, సర్వీస్‌కి ఫోన్ చేసే ముందు ఈ పని చెయ్యండి.

అక్కడి నుంచి మా ఇంట్లో వరస మారింది. పావ్, దాల్చినచెక్క చుట్టలు, మైదాలో సగం బరువు వెన్న పడే బ్రియోష్ బ్రెడ్డు అన్నీ వచ్చాయి. ఇటలీ వాళ్ల ఫొకాచియా బ్రెడ్డు చేసిన రోజు అత్తయ్యగారు మొదటిసారి దగ్గరికొచ్చి చెయ్యి పెట్టారు. 100 గ్రాముల మైదాకి 80 గ్రాముల నీళ్లు, జారిపోయే పిండి. మీద ధారగా నూనె పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్న ఆవిడ వేలితో లాగి చూసి, “ఇది మన బొబ్బట్ల తోపే కదమ్మా, దీనికి అంత పేరెందుకు” అన్నారు. నిజమే. తోపు కూడా జారుగా కలిపి, నూనెలో నానబెట్టి, దానంతట అదే సాగేదాకా వదిలేస్తారు. నేను పుస్తకాల్లో చదువుకున్నది ఆవిడ ప్రతి ఉగాదికీ చేస్తూనే ఉన్నారు.

ఎండాకాలం మాత్రం మిక్సర్ మిక్సరే. చేత్తో పిసికితే పెద్దగా వేడెక్కని పిండి దీంట్లో రాపిడికే వేడెక్కుతుంది. థర్మామీటర్ పెట్టి చూసుకుంటే మా దాంట్లో సుమారు 12 డిగ్రీలు. పిండి 26 డిగ్రీల దగ్గర ఉండాలంటే బేకరీ వాళ్లు వాడే లెక్క ఒకటుంది: 26ని మూడుతో గుణించి, అందులోంచి మైదా వేడి, గది వేడి, రాపిడి వేడి తీసేస్తే మిగిలినంత చల్లగా నీళ్లుండాలి. మేలో మా వంటగది 35, మైదా కూడా 35. 78లోంచి 35, 35, 12 తీస్తే సున్నాకి నాలుగు తక్కువ! ఐసు నీళ్లు పోసినా చాలదు. అందుకే ముందురోజు రాత్రే మైదా డబ్బాని ఫ్రిజ్‌లో పెడతాను. అప్పుడు మామూలు కుండనీళ్లతో సరిపోతుంది. క్రొయిసాన్ జోలికి మాత్రం డిసెంబరు దాకా పోను. పొరల మధ్య వెన్న కరిగి కారిపోతుంటే చూడలేను.

ఇప్పుడు నా పొగడ్తల్లో కొంచెం వెనక్కి తీసుకోవాల్సినవి ఉన్నాయి.

ఆ స్క్రూ ఒకసారి తిప్పితే అయిపోయిందని అందరికీ చెప్పాను. అవ్వలేదు. రెండు మూడు నెలలకోసారి దానంతట అదే వదులవుతుంది. ముఖ్యంగా బేగల్, అంటే మధ్యలో చిల్లుండే గుండ్రటి బ్రెడ్డు, చేసినప్పుడు. పావుకిలో మైదాకి 140 గ్రాముల నీళ్లే పడే గట్టి పిండి కదా, తల మొత్తం పైకీ కిందికీ ఎగురుతుంది, మిక్సర్ గట్టు మీద అంగుళం అంగుళం నడుస్తుంది. ఒకసారి నేను ఫోన్ తీయడానికి వెళ్లి వచ్చేసరికి గట్టు అంచుకి వచ్చేసింది, మా పెద్దది రెండు చేతులా పట్టుకుని “అమ్మా, అమ్మా” అని అరుస్తోంది. ఆన్ చేసి మీ పని మీరు చూసుకోవచ్చని కూడా నేనే చెప్పాను. జారు పిండికి ఆ మాట నిలబడుతుంది, గట్టి పిండికి పక్కనే ఉండాలి. బేగల్ ఇప్పుడు ఆరు నిమిషాలు మిక్సర్‌లో, మిగతాది చేత్తో.

ఏడాదిన్నర దాటాక ఒకసారి హుక్ మొదట్లోంచి నల్లటి చుక్క జారి బ్రియోష్ పిండిలో పడింది. లోపలి గ్రీజు. ఆ పిండి పారబోశాను, లోపల వంద గ్రాముల వెన్న ఉంది, ఏడుపొచ్చింది. అప్పటినుంచి వాడే ముందు గుడ్డతో అక్కడ తుడుస్తాను. చపాతీ పిండికి మాత్రం దీన్ని తియ్యను. గిన్నె, హుక్ కడిగే టైములో అత్తయ్యగారు ఇరవై చపాతీలకి కలిపేస్తారు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మా వదిన సంగతి. నా మాట మీదే కాకినాడలో అదే కంపెనీది, కొత్త మోడల్ కొంది. నిన్నగాక మొన్న ఫోన్ చేసి, “నీ స్క్రూ ఎక్కడుందే? మెడంతా వెతికాను, ప్లాస్టిక్ మూత తప్ప ఏమీ లేదు” అంది. ఫొటోలు పంపమన్నాను. నిజంగానే లేదు. దాని హుక్ కూడా అడుగుకి అందట్లేదట. మూడేళ్ల క్రితం నాకున్న ఏడుపు ఇప్పుడు వదినకి మొదలైంది, అదీ నా వల్ల.

కాబట్టి కొనమంటానా అంటే, నాకున్నట్టు వారానికో రకం చేసే పిచ్చి ఉండి, తినడానికి ఆరుగురు ఉండి, వాళ్లలో ఒకరికి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం ఇష్టమైతే, సరే. షాపులో తల పైకెత్తించి మెడలో స్క్రూ చూడండి, నాణెం ఒకటి జేబులో వేసుకెళ్లండి. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. నెలకోసారి కేకు చేసేవాళ్లకి ఇంత బరువు గట్టు మీద అక్కర్లేదేమో. నాది ఇప్పుడు పోయినా మళ్లీ ఇదే కొంటానా అన్నది మోడల్ చూశాకే చెప్పగలను.

వదినది తిరిగి ఇచ్చేయమన్నాను. మావయ్యగారు వద్దన్నారు. దసరాకి వచ్చేటప్పుడు తీసుకురమ్మని, ఆ ప్లాస్టిక్ మూత కింద ఏముందో చూద్దామని ఫోన్లో ఆవిడకే చెప్పారు. కుట్టుమిషన్ సొరుగులో ఉండాల్సిన స్క్రూడ్రైవర్ అప్పుడే ఆయన కళ్లజోడు పెట్టెలోకి మారింది.