తొమ్మిదేళ్ల లాప్‌టాప్, ఎనుమాముల పత్తి నుసి

2016లో కొన్న లాప్‌టాప్‌నే ఇంకా వాడుతున్నాను. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, తర్వాత వేయించిన ఎస్‌ఎస్‌డీ. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణం లెక్కలు రాస్తాను. పత్తి సీజన్‌లో పొద్దుటి నుంచి రాత్రి దాకా దీన్ని మూసే పని ఉండదు. లెక్కలు రాసే టాలీకి, ఎక్సెల్‌కి, జీఎస్టీ రిటర్నులకి ఇప్పటికీ హాయిగా సరిపోతుంది. కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయాయి గానీ ఒక్క కీ కూడా మొరాయించలేదు. బ్యాటరీ మాత్రం రెండోది.

రెండేళ్ల కింద మే నెలలో దీన్ని వదిలేద్దామనుకున్నాను. ఫ్యాన్ గిర్నీలా మోగేది, ఎడమ చెయ్యి ఆనించే చోట చురుక్కుమనేది. ఎదురుగా రైతు తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) కోసం నిలబడి ఉంటే స్క్రీన్ ఆగిపోయేది. రెండుసార్లు దానంతట అదే ఆఫ్ అయింది. ఆ టెన్షన్ మళ్లీ వద్దు. హన్మకొండలో ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలి, తొమ్మిది వేలవుతుంది అన్నారు. మనసొప్పక కూలింగ్ ప్యాడ్ కొన్నాను. మూడు నాలుగు డిగ్రీలు తగ్గింది, అంతే.

ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు లోపలి వేడిని కొలిచే హెచ్‌డబ్ల్యూ మానిటర్ సాఫ్ట్‌వేర్ వేసి చూపించాడు. టాలీ, క్రోమ్ తెరిస్తే చాలు, 97 డిగ్రీలు. ఈ ప్రాసెసర్‌కి హద్దు 100. ఆ దరిదాపులకు వెళ్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నేను ఇన్నాళ్లూ ముసలిదైపోయింది అనుకున్నది దీన్నే. "మామా, లోపల గాలి ఆడుతలేదు, ఇప్పి చూద్దాం" అన్నాడు.

ముందు బ్యాటరీ వైరు పీకాం. ఫ్యాన్ తీయగానే దానికీ సన్నటి లోహపు రేకులకీ మధ్య, పత్తి నుసి దుమ్ముతో కలిసి అట్టకట్టి కనిపించింది. అచ్చం కొత్తవాడ దర్రీ అంచు కత్తిరించి పెట్టినట్టుంది. ట్వీజర్‌తో లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. అంతకుముందు నేను బయటి నుంచి బ్లోయర్ కొట్టి ఏం లాభం? అట్ట రేకుల లోపలి వైపు ఉంది. గాలి కొడితే కాస్త వెనక్కి జరిగి మళ్లీ అక్కడికే చేరుతుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పుల్ల అడ్డం పెట్టాలని కూడా ఆ రోజే తెలిసింది.

ప్రాసెసర్ మీద, దాని వేడిని పైనున్న లోహపు హీట్‌సింక్‌కి చేర్చే పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మినప గింజంత కొత్త పేస్టు పెట్టి, హీట్‌సింక్ స్క్రూలు వాటి పక్కన రాసి ఉన్న అంకెల వరసలో కొంచెం కొంచెంగా బిగించాం. అదే పనికి వేడి 74 దగ్గర నిలిచింది. పవర్ సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 99 శాతానికి దించితే టర్బో (అవసరమైనప్పుడు వేగం పెంచుకోవడం) ఆగిపోయి ఇంకో ఆరేడు డిగ్రీలు తగ్గింది. టాలీలో ఆ తేడా నాకేమీ తెలియలేదు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకి తెలుస్తుంది, వాళ్లు ఇది చేయొద్దు.

అప్పటి నుంచి ఏటా ఉగాదికి ముందు, పత్తి రాక తగ్గాక ఒకసారి విప్పుతున్నాను. పేస్టు జోలికి పోను, నుసి మాత్రం తీస్తాను. బల్లను కాంటా వైపు కిటికీ దగ్గర నుంచి లోపలికి జరిపాను. ఈసారి విప్పితే చిటికెడు నుసే వచ్చింది.